పన్ను స్క్రూకి గరుకు ఎందుకు? ఇంప్లాంట్ 'సర్ఫేస్' వెనక ఉన్న సంగతి

సూర్యారావుపేటలో ఒక డెంటల్ క్లినిక్‌కి వెళ్తే ఒక రేటు చెబుతారు. అక్కడి నుంచి బెంజ్ సర్కిల్ వైపు ఇంకో క్లినిక్‌కి వెళ్తే దానికి రెట్టింపు చెబుతారు. రెండు చోట్లా పెట్టేది టైటానియం స్క్రూనే. పొడవూ లావూ దాదాపు ఒకటే. మరి తేడా ఏమిటండీ అని అడిగితే "దీని సర్ఫేస్ వేరు" అంటారు. ఇంటికొచ్చాక ఆ మాటకి అర్థం అబ్బాకి ఎవరూ చెప్పలేరు. దుబాయ్ నుంచో దమ్మామ్ నుంచో డబ్బు పంపే కొడుకు మాత్రం ఫోన్లో అడుగుతాడు: ఎక్కువ రేటుది పెట్టించాలా, తక్కువది చాలా?

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ముందు ఈ సర్ఫేస్ అంటే ఏమిటో తెలియాలి.

ఇంప్లాంట్‌లో మూడు భాగాలుంటాయి. దవడ ఎముకలోకి దిగే స్క్రూ ఒకటి, దాని మీద బిగించే చిన్న కాడ రెండోది, పైన కనిపించే తొడుగు పన్ను మూడోది. అద్దంలో మనం చూసుకునేది మూడోదాన్ని. కానీ పదేళ్లు నిలవాలా, పది నెలల్లో ఊడాలా అని తేల్చేది మొదటిది. దాని పై పొర ఎముకతో కలిస్తే పన్ను నిలుస్తుంది, కలవకపోతే స్క్రూ చుట్టూ మెత్తటి కండ పెరిగి కదలడం మొదలవుతుంది. కదిలిన స్క్రూని మళ్లీ బిగించడం కుదరదు, తీసెయ్యాల్సిందే.

ఎముక లోహంతో కలుస్తుందన్న సంగతి అనుకోకుండా బయటపడింది. స్వీడన్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు 1952లో కుందేలు కాలి ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడటానికి టైటానియంతో చేసిన చిన్న కిటికీ లాంటి పరికరం అమర్చాడు. పని అయ్యాక తీద్దామంటే రాలేదు. ఎముక లోహాన్ని పట్టేసుకుంది. ఆయన చూడాలనుకున్నది రక్త ప్రసరణ, దొరికింది ఇది. 1965లో గోతెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే మనిషికి మొదటిసారి ఇలాంటి పళ్ల స్క్రూలు పెట్టారు. పుట్టుకతోనే దవడ లోపం ఉన్న మనిషి ఆయన, కింది దవడలో పళ్లు లేవు. 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లకు పైగా, ఆ స్క్రూలు ఆయన నోట్లోనే ఉన్నాయి. అయినా దంత వైద్య ప్రపంచం ఈ పద్ధతిని గట్టిగా నమ్మింది 1982 టొరంటో సదస్సు తర్వాతే.

టైటానియమే ఎందుకు? గాలి తగిలిన క్షణంలోనే దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఇనుముకి పట్టే తుప్పు రాలుతూ లోపలికి తింటూ పోతుంది. టైటానియం పొర అలా కాదు, గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్ అయితే, అందులో మళ్లీ వెయ్యో వంతు ఒక నానోమీటరు. గీత పడినా పొర వెంటనే మళ్లీ తయారవుతుంది. కాబట్టి మన ఒంట్లోని ఎముక నిజానికి తాకేది లోహాన్ని కాదు, ఈ ఆక్సైడ్ పొరనే. శరీరం దీన్ని పరాయి వస్తువని తోసెయ్యకపోవడానికి పెద్ద కారణం అదే.

నున్నటి స్క్రూల కాలం

లార్సన్‌కి పెట్టినవి లేత్ మీద కోసిన స్క్రూలు. కంటికి నున్నగా కనిపిస్తాయి. అవి పనిచేశాయి, కానీ ఓపిక కావాలి. స్క్రూ దించాక చిగురు కుట్టేసి కింది దవడలో 3 నెలలు, పై దవడలో 6 నెలలు ఆగాలి. ఆ తర్వాతే పన్ను. పై దవడ వెనక భాగంలో ఎముక స్పాంజిలా ఉంటుంది. అక్కడ నున్నటి స్క్రూలు ఎక్కువగా ఫెయిలయ్యేవి.

మన ఇళ్లలో దీనికి దగ్గర పోలిక ఉంది. రోలు అరిగి నునుపైతే పప్పు జారిపోతుంది తప్ప నలగదు. అప్పుడు గంట్లు కొట్టించేవాళ్లు. పాత గోడకి కొత్త ప్లాస్టరింగ్ చేసే మేస్త్రీ కూడా ముందు గోడంతా సుత్తితో గంట్లు పెడతాడు, లేకపోతే సిమెంటు పట్టదు. ఆటోనగర్‌లో లారీ బాడీకి రంగు వేసే ముందు ఇసుక కొట్టించడం చూసే ఉంటారు. మూడింటిలోనూ ఉపాయం ఒకటే: పట్టు కావాలంటే గరుకు కావాలి.

ఇంప్లాంట్లలో మాత్రం ఇంకో సంగతి ఉంది. గోడ సిమెంటు ప్రాణం లేని వస్తువు, ఎముక ప్రాణమున్నది. స్క్రూ దిగగానే చుట్టూ రక్తం చేరి గడ్డకడుతుంది. ఆ గడ్డలో సన్నని దారాల్లాంటి అల్లిక ఉంటుంది. ఎముకని కట్టే కణాలు ఆ దారాల మీదుగా పాకుతూ లోహం దాకా రావాలి. పందిరికి కట్టిన పురికొస పట్టుకుని దొండ తీగ పాకినట్టు. లోహం నున్నగా ఉంటే ఆ దారాలు జారి తెగిపోతాయి. అప్పుడు ఎముక పాత ఎముక అంచు నుంచి మెల్లగా స్క్రూ వైపు పెరుగుతూ రావాలి, దానికి నెలలు పడుతుంది. గరుకుగా ఉంటే దారాలు నిలుస్తాయి, కణాలు స్క్రూ దాకా చేరతాయి, కొత్త ఎముక లోహం మీదే మొదలవుతుంది. రెండు వైపుల నుంచీ పని జరుగుతుంది కాబట్టి త్వరగా అవుతుంది.

కళాయి పూత లాంటిదా, కాదా?

మొదట్లో చాలామంది గరుకు అంటే పూత అనే అనుకున్నారు. కరిగిన టైటానియం పొడిని ప్లాస్మా మంటతో స్క్రూ మీద చల్లేవారు. కొందరు ఎముకలో ఉండే ఖనిజం లాంటి హైడ్రాక్సీ అపటైట్‌ని అలాగే పూశారు. ఎముకకి ఎముక లాంటిదే ఇస్తే ఇంకా బాగా కలుస్తుంది కదా అన్నది ఆలోచన. మొదటి నెలల్లో నిజంగానే బాగా కలిసింది. తర్వాత కొన్నింటిలో పూత కరగడం, పగలడం, లోహం నుంచి విడిపోవడం కనిపించింది. బందరు రోల్డ్ గోల్డ్ గాజు కొన్నాళ్లకి మెరుపు పోయి లోపలి రాగి కనిపించినట్టే. కాకపోతే గాజుకి మళ్లీ పూత వేయించుకోవచ్చు. రాగి గిన్నెకి కళాయివాలా మళ్లీ కళాయి పూస్తాడు. దవడలో ఉన్న స్క్రూకి ఆ వీలు లేదు. అందుకే మందపాటి పూతలు చాలావరకు వెనకబడ్డాయి.

ఇప్పుడు ఎక్కువగా వాడేది పూత కాదు. ఆ లోహాన్నే చెక్కడం, కొరకడం. ఈ తేడా గుర్తుంచుకుంటే క్లినిక్‌లో సగం మాటలు అర్థమవుతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే పేరు ఎస్‌ఎల్‌ఏ. స్క్రూ మీద 250 నుంచి 500 మైక్రాన్ల సైజున్న అల్యూమినియం ఆక్సైడ్ రవ్వలని గాలి ఒత్తిడితో కొడతారు. దాంతో 20 నుంచి 40 మైక్రాన్ల గుంటలు పడతాయి. తర్వాత వేడి ఆసిడ్‌లో, హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లు కలిపిన దానిలో, ముంచుతారు. పెద్ద గుంటల లోపల 2 నుంచి 4 మైక్రాన్ల చిన్న గుంటలు పుడతాయి. పెద్ద గుంటలో ఎముక ముక్క పట్టుకుంటుంది, చిన్న గుంటలో కణం కాలు ఊనుతుంది. ఆసిడ్ ఇంకో పని కూడా చేస్తుంది: లోహంలో ఇరుక్కున్న రవ్వలని చాలావరకు కడిగేస్తుంది. స్విట్జర్లాండ్ కంపెనీ స్ట్రామన్ 1990ల చివర్లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇవాళ కొరియా, ఇజ్రాయెల్, ఇండియా కంపెనీలు చాలా ఇదే దారిలో తమ సొంత పద్ధతులు తయారుచేసుకున్నాయి. ఎస్‌ఎల్‌ఏ అన్న మాట డబ్బా మీద ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటే అని కాదు. రవ్వ సైజు, ఆసిడ్ వేడి, ఎంతసేపు ముంచారు, చివర ఎంత శుభ్రంగా కడిగారు అన్నవాటిలోనే అసలు తేడా.

రెండో రకం ఆర్‌బీఎం. ఇందులో కొట్టే రవ్వ కాల్షియం ఫాస్ఫేట్‌ది. కాస్త లోపల మిగిలిపోయినా ఆసిడ్‌లో కరిగిపోతుంది, మిగిలింది ఒంట్లోనే కరుగుతుంది. మూడో రకంలో స్క్రూని ద్రావణంలో ముంచి కరెంటు ఇస్తారు. ఆక్సైడ్ పొర మందంగా పెరిగి, అగ్నిపర్వతాల నోళ్లలాంటి సన్న రంధ్రాలు పడతాయి. నోబెల్ బయోకేర్ కంపెనీ టైయునైట్ అనేది ఈ జాతిదే. ఈ కుటుంబానికే చెందిన మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ అనే పరిజ్ఞానం మీద హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది, ఎక్కువగా పరిశ్రమల అవసరాల కోసం. టైటానియం మిశ్రమ లోహాలు చేసే మిధాని కూడా హైదరాబాద్‌లోనే ఉంది. ఈ లోహం పుట్టే ఇల్మనైట్ ఇసుక మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉంది. లోహం మన దగ్గర పరాయిదేం కాదు, పన్ను స్క్రూగా మారి వచ్చేసరికి మాత్రం చాలాసార్లు విదేశీ డబ్బాలోనే వస్తోంది.

ఇంకో రకంలో ఫ్లోరైడ్ వాడతారు. కనిగిరి, నల్గొండ వైపు నీళ్లలో పళ్లని, ఎముకలని పాడుచేసిన ఫ్లోరైడే, ఇక్కడ లోహం మీద అతి స్వల్పంగా ఉండి ఎముక పట్టడానికి సాయపడుతుంది. అలాగని ఇంప్లాంట్ ఉన్నవాళ్లు ఆసిడ్ గుణమున్న గాఢమైన ఫ్లోరైడ్ జెల్ రాయించుకోకూడదు, అది ఆక్సైడ్ పొరని తింటుంది. మామూలు టూత్‌పేస్టుతో భయం లేదు.

ఖరీదైన రకాల్లో ఇప్పుడు ఎక్కువగా చెప్పేది నీటిని పీల్చే సర్ఫేస్ గురించి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్క్రూ డబ్బాలో ఉన్నంతకాలం గాలిలోని కార్బన్ మలినాలు దాని మీద చేరుతూ ఉంటాయి. దాంతో నీటి బొట్టు పరుచుకోకుండా తామరాకు మీద బొట్టులా నిలబడుతుంది. రక్తమూ అంతే. దీనికి విరుగుడుగా స్క్రూని గాలి తగలకుండా ఉప్పునీటి సీసాలో ఉంచి అమ్ముతారు. 2005లో వచ్చిన ఎస్‌ఎల్‌ఏక్టివ్ అలాంటిదే. కొందరు డాక్టర్లు పెట్టే ముందు అల్ట్రావయొలెట్ కాంతి కింద ఉంచుతారు, పని అదే.

ఎక్కువ డబ్బుకి ఏం వస్తుంది?

ముఖ్యంగా సమయం వస్తుంది. నున్నటి స్క్రూకి 3 నుంచి 6 నెలలు పట్టిన చోట, మంచి ఎముకలో ఎస్‌ఎల్‌ఏ రకానికి దాదాపు 6 వారాలు, నీటిని పీల్చే రకానికి 3, 4 వారాలు చాలని కంపెనీలు చెబుతాయి. మంచి ఎముక అన్న మాటని గట్టిగా పట్టుకోండి. ఎముక మెత్తగా ఉంటే, పౌడర్ వేసి పెంచాల్సి వస్తే ఈ లెక్కలు వర్తించవు.

ఇక్కడ పేషెంట్లకి చాలామంది చెప్పని ఒక సంగతి. స్క్రూ దించిన రోజు అది గట్టిగా ఉంటుంది, ఎందుకంటే పాత ఎముకలో బిగుసుకుని ఉంది. తర్వాత ఆ పాత ఎముక కొంత కరుగుతుంది, కొత్తది ఇంకా పూర్తిగా రాదు. 3, 4 వారాల దగ్గర పట్టు కాస్త సడలే కాలం ఒకటి ఉంటుంది. మంచి సర్ఫేస్ ఈ లోయని తక్కువ లోతుగా చేస్తుంది, అంతే. నొప్పి లేదు కదా అని మూడో వారంలో అటువైపు ఎముక కొరికితే, ఎంత ఖరీదైన స్క్రూ అయినా కదలొచ్చు.

దీర్ఘకాలంలో ఎలా ఉంటాయి? స్విట్జర్లాండ్‌లోని బెర్న్ యూనివర్సిటీలో 303 మందికి పెట్టిన 511 ఎస్‌ఎల్‌ఏ ఇంప్లాంట్లని పదేళ్ల తర్వాత చూస్తే 98.8 శాతం నిలిచాయి. 2012లో వచ్చిన ఈ ఫలితం చాలా బ్రోచర్లలో కనిపిస్తుంది. ఆ పేషెంట్లని జాగ్రత్తగా ఎంపిక చేశారన్నది, పెట్టినవాళ్లు ఆ పనిలో ఆరితేరినవాళ్లన్నది మాత్రం బ్రోచర్లో ఉండదు. మరోవైపు కాక్రేన్ అనే సంస్థ 2014లో 27 ట్రయల్స్‌ని, 38 రకాల ఇంప్లాంట్లని ఒక్కచోట పెట్టి చూసింది. ఫలానా రకమే మిగతావాటికన్నా ఎక్కువకాలం నిలుస్తుందనడానికి ఆధారం దొరకలేదు.

నా లెక్కలో దీని అర్థం ఇది: ఊరూ పేరూ లేని స్క్రూకీ, రికార్డు ఉన్న కంపెనీ స్క్రూకీ మధ్య తేడా నిజమైనది. దానికి డబ్బు పెట్టొచ్చు. రికార్డు ఉన్న రెండు కంపెనీల మధ్య రేటు తేడాకి అప్పు చేయనక్కర్లేదు. ఆ డబ్బు సీబీసీటీ స్కాన్‌కి, చిగుళ్ల శుభ్రతకి, అనుభవమున్న డాక్టరుకి పెట్టడం మేలు. డ్రిల్ చేసేటప్పుడు నీరు సరిగ్గా పారక ఎముక 47 డిగ్రీల వేడికి ఒక్క నిమిషం గురైనా అక్కడి కణాలు చచ్చిపోతాయి. చచ్చిన ఎముకకి ఏ సర్ఫేస్ పెట్టినా పట్టదు.

గరుకుకి ఉన్న రెండో ముఖం

గరుకు ఎముకకి నచ్చుతుంది, సూక్ష్మజీవులకీ నచ్చుతుంది. ఎముక లోపల కప్పబడి ఉన్నంతకాలం ఫర్వాలేదు. చిగురు జబ్బుతో ఎముక కిందికి దిగి ఆ గరుకు నోట్లోకి బయటపడిందంటే, గుంటల్లో చేరిన పాచిని బ్రష్ గీకలేదు, డాక్టరు పరికరం కూడా పూర్తిగా తీయలేదు. ఎముక ఇంకా కరుగుతూ పోతుంది. దీన్ని పెరి ఇంప్లాంటైటిస్ అంటారు. స్వీడన్‌లో తొమ్మిదేళ్ల తర్వాత పరీక్షించిన వాళ్లలో 14.5 శాతం మందికి ఇది ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉంది. స్క్రూ ఊడలేదు కాబట్టి 'సక్సెస్' లెక్కలోనే ఉంటారు వాళ్లు కూడా. అతి గరుకు పూతలని వదిలేసి 1 నుంచి 2 మైక్రాన్ల మధ్యస్థ గరుకు దగ్గర ప్రపంచం ఆగడానికి ఇదొక కారణం.

మన డెల్టా ఇళ్లలో దీని లెక్క ఇంకా తేడాగా ఉంటుంది. షుగర్ లేని ఇల్లు తక్కువ. ఖైనీ, గుట్కా, బీడీ, జర్దా పాన్ వీటిలో ఏదో ఒకటి అబ్బాకో చాచాకో అలవాటుంటుంది. షుగర్ అదుపులో లేకపోతే ఎముక ఆలస్యంగా కలుస్తుంది, చిగురు త్వరగా పాడవుతుంది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష 8 దాటితే చాలామంది డాక్టర్లు ముందు దాన్ని దించుకుని రమ్మంటారు. అలా చెప్పిన డాక్టరు మీద కోపగించి వెంటనే పెట్టేవాడి దగ్గరికి వెళ్లకండి. పొగ మానకుండా నీటిని పీల్చే సర్ఫేస్ కొనడం, ముగ్గుతో నిండిన బావికి కొత్త మోటారు బిగించినట్టు.

మిస్వాక్ వాడేవాళ్లు మానక్కర్లేదు. కుట్లు మానేదాకా ఆ చోట తాకించకండి, తర్వాత కూడా ఇంప్లాంట్ చుట్టూ శుభ్రానికి సన్న బ్రష్ కావాలి.

రమ్జాన్, ఎముక పౌడర్ సంగతులు

ఇంప్లాంట్ ఆపరేషన్‌కి తొందరేం లేదు. రమ్జాన్ దగ్గర పడితే ఈద్ తర్వాత పెట్టించుకోవడం సుఖం. మొదటి వారం మందులు వేళకి పడాలి, నీళ్లు తాగాలి, మెత్తటి తిండి కావాలి. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకా కష్టం. ముందే పెట్టించుకోవాలంటే ఆ సడలే వారాలు రోజాల్లో పడకుండా రెండు నెలల ముందే చూసుకోండి.

స్క్రూ సర్ఫేస్‌లో జంతువులకి సంబంధించింది ఏమీ ఉండదు. టైటానియం, ఖనిజ రవ్వ, ఆసిడ్, అంతే. కానీ ఎముక తక్కువైతే వేసే పౌడర్, దాని మీద కప్పే పొర వేరే సంగతి. పేరున్న బయో-ఆస్ పౌడర్ ఆవు ఎముక నుంచి చేస్తారు. దానితో పాటు తరచూ వాడే బయో-గైడ్ పొర ఖింజీర్ కొల్లాజెన్‌తో చేసింది. ఆపరేషన్ టేబుల్ మీద పడుకున్నాక ఇది అడగడం కుదరదు. ముందే అడగండి, పొర దేనితో చేశారో డబ్బా మీద రాసి ఉంటుంది. మన ఎముకే ఇంకో చోట నుంచి తీసి వాడటం, కృత్రిమ కాల్షియం పౌడర్, ఆవు కొల్లాజెన్ పొర లాంటి దారులు ఉన్నాయి. ఏది జాయిజ్, ఏది కాదు అన్నది మీ ముఫ్తీ సాబ్‌ని అడగాల్సిన మాట. డాక్టరుని అడగాల్సింది ఏది దేనితో చేశారని. గుసుల్ విషయంలోనూ ఎముకకి బిగించిన పన్ను గురించి ఉలమాల దగ్గరే తెలుసుకోండి.

ఎముక సరిపోతుందో లేదో ఒక్క క్లినిక్ మాట మీదే తేల్చుకోనక్కర్లేదు. స్కాన్ సీడీ పట్టుకుని విజయవాడ ప్రభుత్వ దంత కళాశాలలోనో, గన్నవరం దగ్గర చినఅవుటపల్లి సిద్ధార్థ దంత కళాశాలలోనో రెండో అభిప్రాయం అడగొచ్చు.

చివరగా స్టిక్కర్. ప్రతి అసలు ఇంప్లాంట్ డబ్బాలో కంపెనీ పేరు, మోడల్, సైజు, లాట్ నంబరు, గడువు తేదీ ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి డాక్టరు ఫైల్లో అంటిస్తారు, ఒకటి మీకివ్వాలి. డబ్బాని మీ ముందే తెరవమనండి, తెరిచిన సీసాలో మిగిలిన స్క్రూ అంటే వద్దనండి. ఎమ్మారై తీసే ముందు టెక్నీషియన్‌కి స్క్రూ ఉందని చెప్పండి. టైటానియం అయస్కాంతానికి లాగబడదు గానీ దవడ దగ్గర బొమ్మ కాస్త చెదురుతుంది. ఆ స్టిక్కర్‌ని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. ఐదేళ్ల తర్వాత మచిలీపట్నంలోనో జెద్దాలోనో పైన పన్ను వదులైతే, దాన్ని బిగించే స్క్రూడ్రైవర్ కంపెనీకొకటి. లాట్ నంబరు తెలియని స్క్రూకి సరిపోయే డ్రైవర్ వెతుక్కుంటూ పేషెంట్లు క్లినిక్‌ల చుట్టూ తిరుగుతారు.